‘నిర్జనం’ అనే మాట: లిటిల్ అండమాన్‌లో తొలిరోజు

ముత్తియాల్‌పేటలో నివసించేవారికి సముద్రం పొరుగిల్లు. మహాత్మాగాంధీ రోడ్డు మీద గడియార స్తంభం దగ్గర నుంచి తూర్పుకు నడిస్తే పదిహేను నిమిషాలలోపే అలల చప్పుడు చెవిన పడుతుంది. తీరా చేరుకున్నాక కనబడేది ఒకదానిపై ఒకటి పేర్చిన నల్లని బండరాళ్ళ వరుస. ఇసుక దాదాపు లేదు. పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట, 1980ల చివర ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. గోడలు ఆ ప్రయాణానికి అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసింది, ఉత్తరాన ఉన్న మా తీరం కోసుకుపోయింది. మిగిలిన నేలనైనా నిలుపుకోవడానికి రాళ్ళు పోశారు. మా వీధిలో పెరుగుతున్న పిల్లలకు సముద్రమంటే రాళ్ళ మీద కూర్చుని చూసేదే.

ఒక ద్వీపయాత్ర గురించి చెబుతూ ఈ సంగతిని ముందు పెట్టడానికి కారణం ఉంది. తీరాల భవిష్యత్తు తరచుగా ఆ తీరాలకు చాలా దూరంలో, ఒక కాగితం మీద నిర్ణయమవుతుంది. రెండు దశాబ్దాలుగా జాతీయ రాజకీయాలను రాస్తున్న నాకు అటువంటి కాగితాలను చదవడం వృత్తిధర్మం. వాటిలో ఒకదానికి కథావస్తువైన ద్వీపంలో, వీపున సంచీ మోసుకుంటూ ఒంటరిగా నడిచిన తొలిరోజు అనుభవాన్ని ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాను.

2025 ఫిబ్రవరి 8న ఢిల్లీ శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. లోక్‌సభ ఎన్నికల నుంచి మొదలుకొని మహారాష్ట్ర, జార్ఖండ్‌ల మీదుగా అక్కడి దాకా ఏడాది పాటు మాటలే వింటూ, మాటలే రాస్తూ గడిపాను. నాయకుల మాటలు, ప్రతినిధుల వివరణలు, విశ్లేషకుల జోస్యాలు, వాటిపై నా వ్యాఖ్యలు. ఎవరూ మాట్లాడని చోట కొన్ని రోజులు ఉండాలన్న కోరిక బలపడింది. సంవత్సరాలుగా దస్త్రాలలో చదువుతున్న లిటిల్ అండమాన్ మనసులో మెదిలింది. సెలవు పెట్టి, పదకొండు కిలోల సంచీ సర్దుకున్నాను.

‘అక్కడ మనవాళ్ళెవరున్నారు?’ అని అమ్మ అడిగింది. ఆమెది యానాం. ఎంత దూరమైనా సరే, అక్కడ మనవాళ్ళుంటే ఆ ఊరు ఆమెకు దగ్గరే. ఎవరూ లేరని, అందుకే వెళుతున్నానని చెప్పాను. ఆ సమాధానం ఆమెకు నచ్చలేదు. అదే సంచీలో పచ్చడి సీసా ఒకటి చేరి బరువు మరికొంత పెరిగింది.

పటంలో చూస్తే ఈ ద్వీపం మనకు అపరిచితమైనదేమీ కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన కారైకాల్ నుంచి తూర్పుగా, బంగాళాఖాతం మీదుగా ఒక సరళరేఖ గీస్తే అది 1,400 కిలోమీటర్ల లోపే లిటిల్ అండమాన్ ఉత్తరపు కొసను తాకుతుంది. ఒకే అక్షాంశం మీద, ఒకే సముద్రానికి రెండు ఒడ్డులు. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర భూమి కంపించినప్పుడు పుట్టిన అలలు ముందు ఈ ద్వీపాలను ముంచి, దాదాపు రెండు గంటల తరువాత కారైకాల్‌ను చేరాయి. ఆ దుఃఖంలోనూ రెండు ఒడ్డులూ పాలుపంచుకున్నాయి.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. ఆటోవాళ్ళ నోట మాత్రం పాత పేరే పలుకుతోంది. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నాలుగడుగులు వేస్తే శ్రీకాకుళం యాస వినబడుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపసముదాయంలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. 2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి అధ్యక్ష పదవి భారతీయ జనతా పార్టీ మద్దతుతో తెలుగుదేశం పార్టీ సభ్యురాలు ఎస్. సెల్వికి దక్కినప్పుడు అమరావతిలో కొందరు ఆశ్చర్యపోయారు. జంగ్లీఘాట్ తెలిసినవారు ఆశ్చర్యపోలేదు. రాజకీయాలకు దూరంగా పోదామని బయలుదేరిన మనిషికి మొదటి మజిలీలోనే ఇంత రాజకీయం ఎదురైంది.

ఫీనిక్స్ బే రేవు నుంచి ప్రభుత్వ ఓడ రాత్రి కదిలింది. కూరగాయల బుట్టలు, సిమెంటు బస్తాలు, ఒక కుట్టుమిషను, గంపల కింద కోళ్ళు, సెలవులకు ఇంటికి వెళుతున్న విద్యార్థులు, ఆసుపత్రి నుంచి తిరిగి వెళుతున్న ముసలివాళ్ళు. ఓడ పైభాగంలో చాపలు పరచి పడుకున్న కుటుంబాల మధ్య సంచీని తలగడగా పెట్టుకున్నాను. రట్లాండ్ ద్వీపం దాటాక డంకన్ పాసేజ్ అనే జలసంధి వస్తుంది. అక్కడ ఓడ బాగా ఊగింది. పక్క చాప మీది బెంగాలీ గృహిణి అల్లం ముక్క ఒకటి అందించింది. సాహసయాత్రికుడిగా నన్ను నేను ఊహించుకున్న చిత్రానికీ, ఆ ఓడలో వారానికోసారి తిరిగే వారి సామాన్య జీవితానికీ మధ్య తేడా ఆ అల్లం ముక్కతోనే అర్థం కాసాగింది. నాకు యాత్ర అయినది వారికి బజారుకు పోయి రావడం.

తెల్లవారుతుండగా హట్ బే కనబడింది. కొండలు లేవు. నీటి అంచున పెన్సిలుతో గీసినట్టు ఒక ఆకుపచ్చ గీత, దాని ముందు సముద్రంలోకి చాచిన అలల అడ్డుగోడ. ద్వీపం మొత్తం 700 చదరపు కిలోమీటర్లకు పైబడినది. 2011లో జనాభా 18 వేల పైచిలుకు. అందులో దాదాపు అందరూ తూర్పు తీరం వెంట ఉన్న ఒకే రోడ్డును పట్టుకుని బతుకుతున్నారు. సునామీలో ఈ రేవు, ఈ బజారు బాగా దెబ్బతిన్నాయి. ఇప్పుడు చూస్తున్నదంతా ఆ తరువాత లేచి నిలబడినది.

రేవు బయట పూరీలు వేస్తున్న చిన్న దుకాణం. నా ఫోను సంభాషణ విని దుకాణంలోని పెద్దాయన పలకరించాడు.

‘ఏ ఊరు బావూ?’

‘పుదుచ్చేరి. అమ్మది యానాం.’

‘మాది సిక్కోలు. వొచ్చి నలభై ఏల్లయిపోనాది. ఒక్కరే ఒచ్చినారేటి? కూడా ఎవులూ నేరా?’

ఒక్కణ్ణే వచ్చానని, వారం రోజులు నడుస్తూ అడవి చూడాలని ఉందని చెప్పాను. ఆయన నవ్వలేదు, వారించలేదు. నూనెలో పూరీ తిప్పుతూ దారి చెప్పాడు. ఎన్నో కిలోమీటరు దగ్గర నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ బస చేయవచ్చు, ఏ వాగు దగ్గర నీటిలో దిగకూడదు. చివరగా అన్నాడు: ‘రోడ్డంట ఎంత దూరమైనా ఎల్లండి మావా. పైన బోర్డుంటాది. అక్కడాగిపోవాల. అవతల ఒంగీలోల్లది. మనదేటీ నేదక్కడ.’

ఇరవై ఏళ్ళలో అటవీ విధానం మీద నేను విన్న ప్రసంగాలలో దేనిలోనూ ఈ విషయం ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

ఎండ ఎక్కకముందే బయలుదేరాను. నేతాజీ నగర్ 11 కిలోమీటర్లు. ఆ రోజుకు నా గమ్యం అదే. కుడి పక్కన కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం, ఎడమ పక్కన ఇళ్ళు, అరటితోటలు, వాటి వెనుక అడవి. దారి పొడుగునా ఊళ్ళ పేర్లు చదువుకుంటూ నడిచాను. నేతాజీ నగర్, రవీంద్ర నగర్, రామకృష్ణపూర్, వివేకానందపూర్. ఒక ప్రాంతాన్ని ఎవరు నింపారో తెలుసుకోవడానికి జనగణన పట్టికలు అక్కరలేదు, ఊళ్ళ పేర్లు చాలు. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులై వచ్చిన బెంగాలీ కుటుంబాలు తాము పోగొట్టుకున్న దేశపు మహనీయుల పేర్లను ఈ తీరానికి పెట్టుకున్నారు. కార్ నికోబార్ నుంచి తరలివచ్చిన నికోబారీలకు మరొక చోట గ్రామం ఏర్పడింది. వీరెవరూ ఇతరుల భూమిని దోచుకోవడానికి వచ్చినవారు కారు. ప్రభుత్వం ఇచ్చిన నేల మీద, ఇచ్చిన పొడవు వెడల్పులకు లోబడి కష్టపడినవారు.

అయితే ఆ నేలను ఇవ్వడానికి ప్రభుత్వానికి అది ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడే దస్త్రాల చరిత్ర మొదలవుతుంది. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధన కింద 1957లో లిటిల్ అండమాన్ మొత్తాన్ని ఒంగేల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎనిమిదేళ్ళు తిరగకుండానే, 1965లో, వివిధ మంత్రిత్వశాఖల అధికారుల బృందం ఒకటి ఈ ద్వీపాల సత్వరాభివృద్ధికి నివేదిక తయారుచేసింది. అడవిలో పెద్ద భాగాన్ని నరికి, వేల కుటుంబాలను తెచ్చి స్థిరపరచాలన్నది దాని సారాంశం. ఆ ప్రకారం 1972లో ఒకసారి, 1977లో మరొకసారి రక్షిత ప్రాంతపు హద్దులను కుదించారు. నేను నడుస్తున్న రోడ్డు ఆ కుదింపుల ఫలితం. ఆ ఉదయం నా పాదం పడిన ప్రతి గజం నేలా ఒకనాడు రక్షితమని ప్రకటించి, తరువాత ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నదే.

ఐదో కిలోమీటరు దాటాక భుజాలు మండసాగాయి. సంచీ పట్టీల కింద తువ్వాలు మడతపెట్టి నడిచాను. ఆవులు రోడ్డుకు అడ్డంగా పడుకున్నాయి. ఒక బడిపిల్లవాడు సైకిలు దిగి, ‘ఎక్కించుకోమంటారా’ అని హిందీలో అడిగి, నా సంచీ వంక చూసి తనే వెనక్కి తగ్గాడు. పడమర వైపు లోపల ఎర్ర పామాయిల్ తోట ఉందని తెలుసు. 1970ల మధ్యలో సుమారు 1,600 హెక్టార్ల అడవి కొట్టి వేసిన తోట అది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల ఆధారంగా, ఈ ద్వీపాలలో కలప నరికివేతకూ, ఇటువంటి ఏకపంట తోటల విస్తరణకూ అడ్డుకట్ట వేసింది. కలప దుంగలు లాగిన ఏనుగుల కాలాన్ని ఇక్కడి పెద్దలు ఇంకా తలచుకుంటారు. తోట ఆగింది. అయితే నరికిన అడవి తిరిగి రాలేదు. తిరిగి రావడానికి యాభై ఏళ్ళు అడవికి చాలా చిన్న గడువు.

అంత దూరం నడిచినా నా చెయ్యి ప్రతి పది నిమిషాలకూ జేబులోని ఫోను వైపు పోవడం గమనించాను. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ తంతి ఈ ద్వీపాలకు వచ్చింది. లిటిల్ అండమాన్ కూడా దానికి అనుసంధానమైంది. హట్ బేలో వార్తలు బాగానే అందాయి. ఎనిమిదో కిలోమీటరు దగ్గర సంకేతం సన్నబడింది. తరువాత అసలు లేకపోయింది. ఢిల్లీలో కొత్త ముఖ్యమంత్రి ఎవరన్నది ఆ రోజుకు ఇంకా తేలలేదు. ఆ పేరు తెలియకుండా ఒక రోజు గడపడం సాధ్యమేనని తెలుసుకోవడానికి నాకు సముద్రం దాటవలసి వచ్చింది.

మధ్యాహ్నానికి నేతాజీ నగర్ చేరి, తీరానికి దగ్గరగా ఉన్న ఒక వెదురు గుడిసెలో సంచీ దించాను. అన్నం, చేపల పులుసు, అమ్మ పెట్టిన పచ్చడి. కాసేపు విశ్రమించి, మరో మూడు కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న బట్లర్ బేకు చేతులూపుకుంటూ నడిచాను. బరువు దిగిన భుజాలకు ఆ మూడు కిలోమీటర్లు లెక్కలోకి రాలేదు.

బట్లర్ బేలో ఇసుక ఉంది. ఈ వాక్యం చదివేవారికి వింతగా తోచవచ్చు. కానీ ముత్తియాల్‌పేట మనిషి దానిని వేరే విధంగా రాయలేడు. కంటికి ఆనినంత దూరం తెల్లని, మెత్తని, వంపు తిరిగిన ఇసుక. దాని మీద ఒక కుక్క అడుగులు, పీతల గీతలు, నా పాదముద్రలు. మొసళ్ళున్నాయి, జాగ్రత్త అన్న హెచ్చరిక ఒకచోట ఉంది. వాగు సముద్రంలో కలిసే వైపు వెళ్ళకుండా కూర్చున్నాను. చుట్టూ ఒక్క మనిషి కూడా లేడు. ఏడాది పాటు కోరుకున్న నిశ్శబ్దం అదే. అప్పుడే ఒక మాట మనసులోకి వచ్చింది: నిర్జనం.

అందమైన మాట. మన కావ్యాలలో, కథలలో ఎన్నోసార్లు చదివిన మాట. ఒంటరి ప్రయాణికుడు వెతుక్కునేది దీనినే. చిక్కేమిటంటే, ఇదే మాట ప్రభుత్వపు దస్త్రాలలోనూ ఉంటుంది. అక్కడ దానికి అందం ఉండదు, పని ఉంటుంది. జనం లేరు గనుక కట్టవచ్చు. వినియోగంలో లేదు గనుక వినియోగించవచ్చు. ఖాళీగా ఉంది గనుక నింపవచ్చు.

నేను కూర్చున్న తూర్పు తీరం గురించి అటువంటి కాగితం ఉంది. లిటిల్ అండమాన్ సుస్థిరాభివృద్ధి అనే పేరుతో నీతి ఆయోగ్ రూపొందించిన దార్శనిక పత్రంలోని అంశాలు 2021 ఆరంభంలో పత్రికలలో వచ్చాయి. సింగపూర్, హాంకాంగ్‌లతో పోటీపడే కొత్త తీరనగరాన్ని ఇక్కడ కట్టాలన్నది దాని ఊహ. ద్వీపంలో 240 చదరపు కిలోమీటర్లను మూడు మండలాలుగా విభజించారు. తూర్పు తీరంలో 102 చదరపు కిలోమీటర్లలో విమానాశ్రయ నగరం, ఆర్థిక కేంద్రం, వైద్యనగరం. 85 చదరపు కిలోమీటర్ల అడవిలో సినిమా నగరం, నివాసాలు, పర్యాటక ఆర్థిక మండలి. మిగిలిన 52 చదరపు కిలోమీటర్లలో, పడమటి తీరాన, ప్రకృతి చికిత్సాలయాలు, అటవీ విడుదులు. తీరం వెంట వంద కిలోమీటర్ల రహదారి, దాని పక్కన రైలు. ఇందుకోసం రక్షిత అటవీ ప్రాంతంలో, ఒంగేల రక్షిత ప్రాంతంలో దాదాపు మూడో వంతు చొప్పున హోదా తొలగించాలి. తెగలవారు అడ్డంకి అవుతారనుకుంటే ద్వీపంలోనే వేరే చోటికి తరలించవచ్చునన్న ఆలోచన కూడా అందులో ఉన్నట్టు ఆ వార్తలు తెలిపాయి. 2020 సెప్టెంబరులోనే స్థానిక అటవీ అధికారి ఒకరు అభ్యంతరాలు నమోదు చేశారు. ఇంత అడవి పోతే పూడ్చుకోలేమని, సముద్రపు తాబేళ్ళ గూళ్ళు దెబ్బతింటాయని, భూకంపాల ప్రాంతమని గుర్తుచేశారు.

తాబేళ్ళ సంగతి చిన్నదేమీ కాదు. ఈ ద్వీపపు సౌత్ బే, వెస్ట్ బే ఇసుక తీరాలలో లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. సముద్రపు తాబేళ్ళన్నింటిలో ఇవే పెద్దవి. శాస్త్రవేత్తలు కొన్నింటి వీపుపై ఉపగ్రహ పరికరాలు అమర్చి గమనించినప్పుడు, ఇక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్ళలో కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, కొన్ని ఆఫ్రికాలోని మొజాంబిక్ వైపు ప్రయాణించాయి. వేల కిలోమీటర్లు తిరిగే ఆ జీవులు గుడ్లకు మాత్రం ఈ ఇసుకనే వెతుక్కుంటూ వస్తాయి. నేను వెళ్ళినది వాటి కాలంలోనే. అయితే ఆ తీరాలు నా దారిలో లేవు, ఉండకూడదు కూడా.

అడవి లోపల ఉన్నవారి సంగతి ఇంకా పెద్దది. 1901 జనగణనలో ఒంగేలు 672 మంది. 2011లో 101 మంది. ఇప్పుడు వారు ప్రధానంగా ద్వీపపు ఈశాన్యాన ఉన్న డుగాంగ్ క్రీక్ ప్రాంతంలో నివసిస్తున్నారు. 2004లో సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోవడం చూసి వారు మెరక ప్రాంతానికి, అడవిలోకి వెళ్ళిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే ఉదయం మన తీరాలలో వెనక్కి పోయిన సముద్రాన్ని చూడడానికి మనుషులు ముందుకు నడిచారు. ఆ ప్రళయాన్ని దాటిన తెగ, నాలుగేళ్ళ తరువాత, 2008 డిసెంబరులో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సీసాలోని రసాయనాన్ని మద్యమనుకుని తాగి ఎనిమిది మందిని పోగొట్టుకుంది. వందమంది ఉన్న సమాజంలో ఎనిమిది మంది. సముద్రం తెచ్చిన ఆపదను గుర్తుపట్టిన జ్ఞానం, మన సీసా తెచ్చిన ఆపదను గుర్తుపట్టలేకపోయింది. ఆ జ్ఞానంలో మనం లేము గనుక.

ఈ రెండు సంగతులూ తెలిసిన మనిషి ఆ తీరాన కూర్చుని నిర్జనం అన్న మాటను నిశ్చింతగా పలకలేడు. నా ముందున్న సముద్రంలో ఎవరూ లేరు. నా వెనుక ఉన్న అడవిలో ఎవరో ఉన్నారు, ఎప్పటినుంచో ఉన్నారు. అడవి ఇంకా అడవిగా మిగిలి ఉన్నది వారు దానిని ఖాళీగా చూడలేదు గనుక. కొంతవరకు, పూరీలు వేసే పెద్దాయన చెప్పిన బోర్డు ఉన్నది గనుక.

ఈ ఆలోచన ఒక్క ద్వీపానికి పరిమితమైనది కాదు. ఇంకా దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్‌లో, రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, టౌన్‌షిప్ కలిపి సుమారు 72 వేల కోట్ల రూపాయల అంచనాతో మొదలైన ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్ళింపు అందులో భాగం. రేవు రానున్న గలాథియా తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్ళకు నిలయం. ఆ అభయారణ్యపు హోదాను 2021 జనవరిలోనే తొలగించారు. అక్కడి అడవిలో షోంపెన్ తెగ ఉంది. దేశరక్షణకు, వాణిజ్యానికి ఆ ద్వీపం ఉన్న చోటు కీలకమన్న వాదనను నేను తేలికగా తీసుకోను. మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గర ఒక దేశం తన ఉనికిని చాటుకోవాలనుకోవడం సహజం. కానీ ఆ వాదన బలమైనదైతే, అక్కడ మనుషులున్నారన్న నిజాన్ని పూర్తిగా ఒప్పుకుని కూడా అది నిలబడగలగాలి. ఖాళీ అన్న మాట సాయం దానికి అవసరం కారాదు.

ఒంటరి యాత్రికులకూ ఇదే వర్తిస్తుంది. 2018 నవంబరులో ఒక అమెరికన్ యువకుడు మతప్రచార సంకల్పంతో ఉత్తర సెంటినెల్ ద్వీపానికి ఒంటరిగా వెళ్ళి ప్రాణాలు కోల్పోయాడు. నేను తిరిగి వచ్చిన కొద్ది వారాలకే, 2025 మార్చి చివర, మరొక అమెరికన్ యువకుడు అదే ద్వీపంలో రహస్యంగా అడుగుపెట్టి, ఒక కొబ్బరికాయను, ఒక శీతలపానీయం డబ్బాను కానుకగా వదిలి వచ్చి అరెస్టయ్యాడు. ఒకడు ఆత్మలను రక్షించాలనుకున్నాడు, మరొకడు కెమెరాకు దృశ్యం కావాలనుకున్నాడు. ప్రణాళికా రచయిత నగరం కావాలనుకుంటాడు. నాబోటివాడు నిశ్శబ్దం కావాలనుకుంటాడు. కోరికలలో తేడా ఉంది. అవతల ఉన్నవారిని అడగకుండానే ఆ చోటును మన కోరికకు వేదిక చేసుకోవడంలో తేడా లేదు. నా సంచీ చిన్నది, వారి పత్రం పెద్దది అనుకుని తృప్తిపడితే సరిపోదు.

ఐదున్నర దాటగానే ఇక్కడ పొద్దు పోతుంది. ఢిల్లీ గడియారంతో నడిచే ద్వీపంలో సూర్యుడు మాత్రం తన లెక్కన తాను అస్తమిస్తాడు. నేతాజీ నగర్‌కు తిరిగి వచ్చేసరికి చీకటి కమ్మింది. ఇసుక ఈగలు కాళ్ళను దద్దుర్లు చేశాయి. గుడిసె యజమానురాలు కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టి, రాసుకోమని సైగ చేసింది. ఏ ఊరని అడిగింది, ఎంతమంది పిల్లలని అడిగింది, ఒక్కణ్ణే ఎందుకు వచ్చానని ఆమె కూడా అడిగింది. ఆ రోజంతా నన్ను ఎదుర్కొన్న ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న అదే. అల్లం ముక్క ఇచ్చిన గృహిణి, పూరీల పెద్దాయన, సైకిలు పిల్లవాడు, ఈమె. మనుషులు లేని చోటికని బయలుదేరిన నాకు ఒక్కరోజులో ఇంతమంది ఆతిథ్యం దొరికింది.

రాత్రి దోమతెర లోపల పడుకుని మర్నాటి దారిని పటంలో చూసుకున్నాను. బయలుదేరేటప్పుడు వేసుకున్న పథకంలో రెండో రోజు రోడ్డు చివరిదాకా, ఉత్తరాన ఆ బోర్డు ఉన్న చోటిదాకా నడక ఉంది. చూసి రావడంలో చట్టవిరుద్ధమేమీ లేదు. బోర్డు ఇవతల నిలబడి ఒక ఫొటో తీసుకోవచ్చు. వ్యాసానికి పనికివచ్చేది కూడా. కానీ అక్కడ నిలబడి అవతలికి తొంగిచూడడం తప్ప నాకు పనేమీ లేదని తోచింది. ‘మనదేటీ నేదక్కడ’ అన్న మాటను నలభై ఏళ్ళుగా ఇక్కడ బతుకుతున్న మనిషి ఏ చట్టం చదవకుండానే పాటిస్తున్నాడు. వారం రోజుల అతిథికి అంతకంటే పెద్ద నియమం అక్కరలేదు.

ద్వీపాన్ని గురించి నిర్ణయించేవారిని కోరదగినది కూడా ఇంతే. ఆ బోర్డును ఉన్నచోటే ఉంచండి. 1972లో, 1977లో దానిని రెండుసార్లు వెనక్కి జరిపారు. మూడోసారి జరపడానికి ముందు అవతలివారి అంగీకారం, వారి భాషలో, వారికి అర్థమయ్యేట్టు అడిగి, వారు కాదంటే కాదన్నట్టే తీసుకోండి. ఇది కోట్ల రూపాయల ఖర్చు లేని విధానం.

పటంలో పెన్సిలుతో గీసిన గీతను ఉత్తరం నుంచి చెరిపి, దక్షిణాన హట్ బే వైపు ఉన్న జలపాతం దాకా మళ్ళీ గీశాను. బయట అలలు ఇసుక మీద విరుగుతున్న చప్పుడు వినబడుతోంది. రాళ్ళకు తగిలి విరిగే అల చప్పుడు వేరుగా ఉంటుందని నాకు ఆ రాత్రి తెలిసింది.